చెయ్యని తప్పు: ‘ఐస్ వైడ్ షట్’ మీద ఒక సంవాదం

ఆయన: స్టాన్లీ కూబ్రిక్ చివరి సినిమా ‘ఐస్ వైడ్ షట్’ 1999 జూలైలో విడుదలైంది. దాంపత్యంలో కోరిక గురించి ఇంత ధైర్యంగా మాట్లాడిన సినిమా లేదని దాన్ని మెచ్చుకునేవాళ్ళు అప్పట్నుంచీ చెబుతూనే ఉన్నారు. నాకు ఆ ధైర్యం మొదటి నలభై నిమిషాల్లోనే కనబడింది. న్యూయార్క్‌లో డబ్బున్న డాక్టరు బిల్ హార్‌ఫర్డ్, భార్య ఆలిస్, చిన్న కూతురు. ఒక రాత్రి పడగ్గదిలో ఆలిస్ ఓ సంగతి బయటపెడుతుంది. కిందటి వేసవి సెలవుల్లో కేప్ కాడ్ వెళ్ళినప్పుడు హోటల్లో ఒక నౌకాదళ అధికారి తనవైపు ఒక్కసారి చూశాడట. అతను రమ్మని ఉంటే భర్తనీ, బిడ్డనీ, రేపటినీ వదులుకుని వెళ్ళడానికి సిద్ధపడిందట. విచిత్రమేమిటంటే ఆ రోజే భర్త ఎన్నడూ లేనంత ప్రియంగా కూడా తోచాడట. అంతే. అతను పిలవలేదు, ఈమె వెళ్ళలేదు. చెయ్యని తప్పుకి పేరేమిటి? ఇంత చిక్కు ప్రశ్న అడిగిన సినిమా ఆ తర్వాత చేసిన పనేమిటంటే, చెప్పిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి, విన్న మనిషి వెంటపడి వీధులు తిరగడం. చనిపోయిన రోగి ఇల్లు, ఒక వేశ్య గది, వేషాలు అద్దెకిచ్చే కొట్టు, ఊరవతల ముసుగుల విందు. ప్రశ్న భార్యది, ప్రయాణం భర్తది. నిడివి 159 నిమిషాలు. అందులో ఆలిస్‌కి దక్కిన వాటా చాలా తక్కువ. తను అడిగిన ప్రశ్ననుంచి ఈ సినిమాయే పారిపోయిందన్నది నా ఫిర్యాదు.

ఆవిడ: పారిపోయింది బిల్ అండీ. సినిమా అతని వెనకాలే నడిచి, ఎంత దూరం పరిగెత్తాడో కొలిచింది. ఆ తేడా మొదటి రెండు నిమిషాల్లోనే తెలుస్తుంది. ఇందులో వినబడే మొదటి మాట బిల్‌ది: నా పర్సు చూశావా అని భార్యని అడుగుతాడు. మంచం పక్కన చూడలేదా అంటుంది, అక్కడే ఉంటుంది. తర్వాత ఒక పార్టీకి తయారవుతూ స్నానాలగదిలో ఆమె తన జుట్టు ఎలా ఉందని అడిగితే, బ్రహ్మాండంగా ఉందంటాడు. నువ్వు చూడను కూడా లేదు కదా అంటుంది. నిజమే, అతను అద్దంలో తన టై సర్దుకుంటున్నాడు. ఈ మగవాడికి ఇంట్లో తన వస్తువులు ఎక్కడున్నాయో భార్య చెప్పాలి. భార్య ఎలా ఉందో మాత్రం చూడకుండానే తెలిసిపోతుంది. మర్నాటి రాత్రి పడగ్గదిలో గొడవ మొదలయ్యేది కూడా ఇక్కడే. ఆడవాళ్ళు అలాంటి ఆలోచనలు చెయ్యరనీ, నువ్వు నా భార్యవనీ, నా బిడ్డకి తల్లివనీ, నాకెన్నడూ ద్రోహం చెయ్యవనీ, నీ విషయంలో నాకు పూర్తి నమ్మకమనీ అంటాడు. వింటే మెచ్చుకోలులాగే ఉంటుంది. ఆలిస్ మాత్రం పగలబడి నవ్వి నేలమీద కూలబడుతుంది. నౌకాధికారి సంగతి ఆ నవ్వు తర్వాతే వస్తుంది. భర్తని ఏడిపించడానికి చెప్పిందనుకునేవాళ్ళు ఈ వరస గమనించరు. అతను ఆమె మనసులో ఏముందో ఆమెని అడక్కుండా తేల్చేశాడు. ఆమె కాదంది. ఈ సినిమాలో ద్రోహమన్న మాట ఎవరికైనా తగిలించాలంటే నేను ఆమె చూపుకి తగిలించను, అతని ధీమాకి తగిలిస్తాను.

ఆయన: ధీమా మాట ఒప్పుకుంటాను, బాగా పట్టుకున్నారు. కానీ ఆ ధీమా ఎక్కడిదో చూడండి. కథకి మూలం ఆస్ట్రియా రచయిత ఆర్థర్ ష్నిట్జ్లర్ 1926లో పుస్తకంగా తెచ్చిన చిన్న నవల. ఆయనా వియన్నాలో డాక్టరే. తనకి జంటరూపంలాంటివాడని భయపడి ఇన్నాళ్ళూ కలవలేదని ఫ్రాయిడ్ 1922లో ఆయనకి ఉత్తరం రాశాడు. ఆ ఊళ్ళో, ఆ రోజుల్లో, పెళ్ళాం నోట పరాయి మగాడి మాట వచ్చిందంటే మొగుడికి కాళ్ళ కింద నేల కదిలిందంటే నమ్మొచ్చు. 1990ల న్యూయార్క్‌లో, రోజూ ఆడవాళ్ళ ఒంటికి పరీక్షలు చేసే డాక్టరు, ఆడదానికి కోరిక ఉంటుందని మొదటిసారి విన్నట్టు తెల్లబోవడం నాకు నటనలా అనిపిస్తుంది. ఇంకో సంగతి. నవల్లో మొగుడూపెళ్ళాలిద్దరూ చెప్పుకుంటారు. డెన్మార్క్ సముద్రతీరంలో తనకి ఒక అధికారి మీద మనసు పోయిందని ఆల్బర్టీన్ చెబితే, అదే ఊళ్ళో ఒక పడుచుపిల్లని చూసి తనకేమైందో ఫ్రిడోలిన్ కూడా చెబుతాడు. లెక్క సమానం. కూబ్రిక్, ఆయనతో కలిసి స్క్రీన్‌ప్లే రాసిన ఫ్రెడరిక్ రాఫెల్ ఆ రెండో సగం కొట్టేశారు. దాంతో నేరాంగీకారం ఒక్క భార్య నెత్తిన పడింది. తెలియనివాడు చూస్తే సుఖంగా సాగే సంసారంలో ఆమే నిప్పు పెట్టిందనుకుంటాడు. ఇది మీరు చెప్పే స్త్రీ పక్షానికి మేలా, కీడా?

ఆవిడ: కొట్టేసినందువల్ల మేలే జరిగింది. నవల్లో ఫ్రిడోలిన్‌కి కనీసం తన మనసు తనకి తెలుసు. బిల్‌కి అదీ లేదు. ముందు రాత్రి పార్టీలో ఇద్దరు మోడళ్ళ మధ్య చేతులు కలుపుకుని తిరిగాడు. ఆ మాట భార్య ఎత్తితే అదేముంది అన్నట్టు దాటేశాడు. తన కోరిక అతని లెక్కలోకే రాదు, ఆమెది మాత్రం దొంగతనం. ఇక కాలం మాట. ఇది 1926 నాటి బాధ అంటున్నారు. మన శిక్షాస్మృతిలో 497వ సెక్షన్ 1860 నుంచి 2018 సెప్టెంబర్ 27 దాకా బతికి ఉంది. పరాయివాడి భార్యతో సంబంధం పెట్టుకున్న మగవాడికి శిక్ష, భార్యకి లేదు, సరే. కానీ భర్త ఒప్పుకున్నా, చూసీచూడనట్టు ఊరుకున్నా అసలు నేరమే కాదు. ఫిర్యాదు చెయ్యాల్సిందీ ఆ భర్తే. భర్త దారి తప్పితే భార్య ఈ సెక్షన్ కింద కేసు పెట్టలేదు. అంటే చట్టం దృష్టిలో అక్కడ పోయింది ఒక మగవాడి సొత్తు, పట్టుకుపోయింది ఇంకో మగవాడు. ఆమె మనసుతో ఎవరికీ పని లేదు. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది ఎప్పుడో కాదు, నిన్నగాక మొన్న. బిల్ ఏడుపు అచ్చంగా 497 ఏడుపు. ఇంకా తమాషా, ఇక్కడ పట్టుకుపోయినవాడు లేడు, పోయిన సొత్తూ లేదు. అయినా ట్యాక్సీలో కూర్చున్నప్పుడు అతని కళ్ళముందు నలుపు తెలుపు బొమ్మలు ఆడతాయి: ఆలిస్, తెల్ల యూనిఫాం, మంచం. జరగనిదాన్ని జరిపించి చూసుకుంటున్నది ఎవరు? చదువుకున్న డాక్టరు. ఆడజాతి గురించి పుస్తకాల్లో చదివాడు, ఇంట్లో ఉన్న ఒక్కమనిషి గురించి చదవలేదు. అలాంటివాళ్ళు 1990ల న్యూయార్క్‌లో లేరంటే నేను నమ్మను. హైదరాబాదులో ఇప్పుడు లేరంటే అసలు నమ్మను.

ఆయన: ఆ నలుపు తెలుపు బొమ్మల మాట దగ్గర నేను కొంత తగ్గుతాను. ఆలిస్ నోటితో చెప్పినదాంట్లో చూపు ఉంది, వణుకు ఉంది, పడక లేదు. పడక మొత్తం బిల్ కల్పన. ప్రేక్షకుడు కూడా దాన్నే ‘ఆలిస్ చేసిన పని’గా గుర్తుపెట్టుకుంటాడు. అది కూబ్రిక్ పన్నిన తెలివైన ఉచ్చు, నేనూ అందులో పడ్డవాడినే. కానీ నా అసలు అభ్యంతరం ఇంకా అలాగే ఉంది. ఈ సినిమాలో కోరికకి దగ్గరగా వచ్చిన ఆడవాళ్ళకి ఏమవుతుందో వరసగా చూడండి. వీధిలో బిల్‌ని పలకరించి గదికి తీసుకెళ్ళిన డొమినోకి మర్నాటికి హెచ్‌ఐవీ అని తేలుతుంది. ముసుగుల విందులో అతన్ని కాపాడిందనిపించే మ్యాండీ మత్తుమందు ఎక్కువై శవాగారం బల్ల మీద తేలుతుంది. వేషాల కొట్టువాడు మిలిచ్ రాత్రి కొట్టులో తన కూతురితో ఉన్న మగాళ్ళని చూసి కేకలు వేస్తాడు, పొద్దునకల్లా వాళ్ళతోనే బేరం కుదుర్చుకుని, బిల్‌కి కూడా ఆ మాట సూచిస్తాడు. ఈ ముగ్గురి సంగతి ఇలా ఉంటే, ఇంట్లో కళ్ళజోడు పెట్టుకుని కూతురికి లెక్కలు చెబుతున్న ఆలిస్ మాత్రం క్షేమం. గడప దాటితే రోగం, చావు, దాటకపోతే భద్రం. ఇదేం కొత్త నీతి? మన పాత సినిమాల్లో వాంప్ పాత్ర చివరి రీల్లో తుపాకీగుండుకి అడ్డంపడి చచ్చిపోయేది, ఇదీ అంతే. 1927లో చలం ‘మైదానం’ రాశాడు, ష్నిట్జ్లర్ పుస్తకం వచ్చిన మరుసటి ఏడే. ప్లీడరు భార్య రాజేశ్వరి అమీర్‌తో వెళ్ళిపోయింది, తన కథ తనే చెప్పుకుంది. ఆ కథలో ఎవరికెన్ని లోపాలు కనబడినా, కథ చెప్పే గొంతు ఆమెది. డెబ్భై ఏళ్ళ తర్వాత వచ్చిన ఈ సినిమా ఆలిస్‌కి ఆ గొంతు రెండు సన్నివేశాలకి మించి ఇవ్వలేదు.

ఇంకో మాట కూడా అనేస్తాను. ముసుగుల విందులో జోస్లిన్ పుక్ సంగీతం వినిపిస్తుంది. ఒకచోట రొమేనియన్ చర్చి ప్రార్థన తిరగేసి వాయించారు. ఇంకోచోట, శరీరాలు అలంకరణ సామాన్లలా పరిచి ఉన్న గదుల్లో బిల్ నడుస్తుంటే, భగవద్గీత నాలుగో అధ్యాయంలో కృష్ణుడు ధర్మరక్షణ కోసం అవతరిస్తానని చెప్పే శ్లోకం పాడించారు. హిందూ సంఘాలు అభ్యంతరం చెప్పాయి, బ్రిటన్‌లో విడుదలైన ప్రతిలో దాన్ని మార్చారు. నాకు మనోభావాల గొడవ ముఖ్యం కాదు. అర్థం తెలియని భాష ఏదైనా సరే గగుర్పాటుకి పనికొస్తుందనుకున్న అలసత్వం ముఖ్యం. ఆడవాళ్ళ ఒళ్ళు, పరాయివాళ్ళ దేవుడు, రెండూ ఆ హాల్లో తెరలూ తివాచీలతో సమానమయ్యాయి.

ఆవిడ: శ్లోకం విషయంలో మీతో తగువు పెట్టుకోను. అర్థం తెలిసే పెట్టారని నిరూపించే ఆధారం నాదగ్గర లేదు. ఆ మతక్రియ అంతా తలా ఒక చోటునుంచి తెచ్చి అతికించిన సరుకని, డబ్బున్నవాళ్ళు కొనుక్కున్న భక్తి అని వాదించొచ్చు గానీ, ఆ వాదన మరీ సులువుగా దొరికింది, అందుకే దాని మీద నాకు అనుమానం. ఆడవాళ్ళ ఆరోపణ మాత్రం గట్టిది. మ్యాండీ బలి అయిపోయిన తీరు నన్ను కూడా ఇబ్బంది పెడుతుంది. కాకపోతే మీరు ముగ్గురిని లెక్కపెట్టి నాలుగో ఆవిడని వదిలేశారు. మొదటి పార్టీ గుర్తు చేసుకోండి. గుమ్మంలో నిలబడి అతిథుల్ని చేతులు చాచి ఆహ్వానించే ఇంటావిడ, విక్టర్ జీగ్లర్ భార్య ఇలోనా. ఆమె కింద నవ్వుతూ పలకరిస్తుండగానే, పై అంతస్తు స్నానాలగదిలో ఆమె మొగుడు ప్యాంటు పట్టీలు సర్దుకుంటున్నాడు, కుర్చీలో మ్యాండీ ఒంటిమీద నూలుపోగు లేకుండా స్పృహ తప్పి పడి ఉంది. బిల్‌కి కబురు వెళ్తుంది. వస్తాడు, ఆమెని తేరుకునేలా చేస్తాడు, ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలని జీగ్లర్ అంటే సరేనంటాడు. మొత్తం సినిమాలో కళ్ళారా కనబడే అక్రమ సంబంధం ఇదొక్కటే. దీన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. ఆ పెళ్ళికి ఏ ప్రమాదమూ రాదు, పైగా అందరికంటే స్థిరంగా ఉన్న కాపురం అదే. అదే సమయానికి కింద ఆలిస్ ఏం చేసింది? తనతో నాట్యం చేస్తూ పైకి రమ్మని వెంటపడిన హంగేరియన్‌కి వేలి ఉంగరం చూపించి, పెళ్ళయినదాన్నని నవ్వి వెళ్ళిపోయింది. చేసినవాడి గుట్టు మగవాడు మగవాడికోసం దాచాడు. చెయ్యనిదాన్ని నోరు తెరిచి చెప్పిన ఆడది సంసారానికి నిప్పుపెట్టినదైంది. మీరు పాత నీతి అన్నది సినిమాలో ఉన్న సమాజానిది. దాన్ని ఇలా పక్కపక్కన పెట్టి చూపించింది సినిమా.

ఆయన: పక్కపక్కన పెట్టిన మాట నిజం. ఇలోనా గుమ్మంలో నిలబడ్డ సంగతి నేను ఇంత గట్టిగా పట్టించుకోలేదు. కానీ మీ సమర్థనలో నాకొక ప్రమాదం కనబడుతోంది. ఏ లోపం చెప్పినా, అది బిల్ లోపమనో సమాజం లోపమనో అంటున్నారు. టామ్ క్రూజ్ ముఖంలో ఏ భావమూ పలకదు, ఎదుటివాళ్ళ మాటనే ప్రశ్నగా మార్చి మళ్ళీ అంటూ ఉంటాడంటే, బిల్ లోపల ఖాళీ కదా అంటారు. న్యూయార్క్ వీధులు ఇంగ్లండ్‌లో పైన్‌వుడ్ స్టూడియోలో వేసిన సెట్లని ఇట్టే తెలిసిపోతోందంటే, అది కల కదా అంటారు. విందులో కోరిక అనేదే లేదు, మైనపు బొమ్మల ప్రదర్శనలా ఉందంటే, కోరిక చచ్చిపోయిన చోటే అది అంటారు. ప్రతి అప్పూ కల ఖాతాలో రాసేస్తే ఇక ఏ దర్శకుడైనా దివాలా తియ్యడు. విసుగు గురించి తీసిన సినిమా విసిగించక్కర్లేదు. పైగా కల కలగా ఉన్నా బాగుండేది. చివర్లో జీగ్లర్ బిలియర్డ్స్ గదిలో కూర్చోబెట్టి అంతా విప్పి చెబుతాడు: విందులో భయపెట్టింది నాటకమనీ, మ్యాండీ చావుతో ఎవరికీ సంబంధం లేదనీ. నవల్లో ఈ జీగ్లరే లేడు, విడమరిచి చెప్పేవాడే లేడు. ష్నిట్జ్లర్ రాత్రిని రాత్రిలాగే వదిలేశాడు. కూబ్రిక్ ఎర్ర గుడ్డ పరిచిన బల్ల చుట్టూ తిప్పుతూ పది నిమిషాలకి పైగా సంజాయిషీ చెప్పించాడు.

ఆవిడ: ఆ సంజాయిషీ మీరు నమ్మారా? నమ్మితేనే అది మిస్టరీని చంపుతుంది. చెప్పేవాడు ఎవడు? మొదటి రోజే ఒక గుట్టు దాచిపెట్టించుకున్నవాడు. అతను ఇచ్చింది నిజమో అబద్ధమో తెలీదు, బిల్‌కి కావలసింది మాత్రం అదే: ఇక చూడక్కర్లేదన్న అనుమతి. ఆ గదిలోనే జీగ్లర్ ఇంకో పోటు పొడుస్తాడు. విందుకి వచ్చినవాళ్ళంతా పెద్ద కార్లలో వస్తే నువ్వు ట్యాక్సీలో వచ్చావు, పైగా వేషం అద్దెకి తెచ్చిన రసీదు నీ కోటు జేబులోనే ఉంది అంటాడు. ఈ డబ్బు దారం పట్టుకుని వెనక్కి వెళ్ళండి, మీరన్న ఖాళీ రాత్రి నిండా సాక్ష్యాలే దొరుకుతాయి. పర్సు ఎక్కడుందో భార్యని అడిగినవాడు ఆ పర్సుతోనే రాత్రంతా దారి కొంటాడు. డొమినో గదిలో 150 డాలర్లకి ఒప్పుకుంటాడు, ముద్దు దాటి ఏమీ జరక్కముందే ఆలిస్ ఫోన్ చేస్తుంది, అయినా వద్దంటున్నా డబ్బు చేతిలో పెట్టి వెళ్తాడు. అర్ధరాత్రి కొట్టు తెరిపించడానికి మిలిచ్‌కి అద్దె మీద 200 ఎక్కువ ఇస్తానంటాడు. విందు గేటు దగ్గర ట్యాక్సీ డ్రైవర్ ముందు వంద డాలర్ల నోటు తీసి, మధ్యకి చింపి, ఒక సగం అతని చేతిలో పెట్టి, తిరిగొచ్చాక మిగతా సగం ఇస్తానంటాడు. చినిగిన నోటు ఎవరికీ పనికిరాదు, అందుకే డ్రైవర్ కదలడు. నమ్మకం అంటే బిల్‌కి తెలిసిన అర్థం అదే: ఎదుటివాడు కదలకుండా కట్టెయ్యడం. ఎక్కడ ఆగినా డాక్టరు గుర్తింపు కార్డు తీసి చూపిస్తాడు. నాకు ఇక్కడ మైనపు బొమ్మలు కనబడవు. భార్య మనసులో తనకి తెలియని గది ఒకటుందని విన్నవాడు, డబ్బుతో తెరుచుకునే గదులన్నీ తెరిచి చూస్తున్నాడు. అన్నీ తెరుచుకున్నాయి, ఆ ఒక్కటి తప్ప. సెట్లు సెట్లలా కనబడుతున్నాయన్న మాట మాత్రం మీదే, కల ఖాతాలో రాయను.

ఆయన: నోటు సంగతి బాగుంది. అలాంటి ఒక్క పనితో పాత్ర పుడుతుంది, నేను ఒప్పుకుంటాను. అయితే మీరు ఆ తెరుచుకోని గది అన్నారు కాబట్టి, ఆ గది తలుపు దగ్గరే నా చివరి అభ్యంతరం. ఆలిస్ రెండుసార్లు మాట్లాడింది. మొదటిది పడగ్గదిలో, ఒక్కో మాటా ఆగి ఆగి, నికోల్ కిడ్‌మన్ మొహం మీంచి కెమెరా ఎక్కువసేపు కదలకుండా. రెండోది, విందునుంచి బిల్ తిరిగొచ్చాక, నిద్రలో నవ్వుతున్న ఆమెని లేపితే చెప్పిన కల. ఎందరో మగాళ్ళ మధ్య తానున్నాననీ, నువ్వు చూస్తున్నావని తెలిసి నీ మొహం మీద నవ్వాలనిపించిందనీ ఏడుస్తూ చెబుతుంది. రెండూ మనం పూర్తిగా విన్నాం, ఆమె సిగ్గు పడినచోట కూడా కెమెరా చూపు తిప్పుకోలేదు. ఇప్పుడు బిల్ వంతు. మర్నాటి రాత్రి ఇంటికి వచ్చేసరికి అతను పోగొట్టుకున్న ముసుగు ఆలిస్ పక్కన దిండు మీద ఉంటుంది. చూసి భోరుమని ఏడుస్తాడు, అంతా చెప్పేస్తానంటాడు. అక్కడ సన్నివేశం తెగిపోతుంది. మళ్ళీ తెరమీద తెల్లారి, ఏడ్చి ఎర్రబడ్డ ఆలిస్ కళ్ళు. ఆమె ఒప్పుకోలు అక్షరం పొల్లుపోకుండా వినిపించినవాడు, అతని ఒప్పుకోలు దగ్గర మర్యాదగా తలుపు వేసేశాడు. మీరు జీగ్లర్ గుట్టు బిల్ దాచాడన్నారు. బిల్ గుట్టు ఎవరు దాచారు? ఇది గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం కాదంటారా?

ఆవిడ: ఇది బలమైన దెబ్బే. సాధారణంగా చెప్పే సమాధానం ఏమిటంటే, బిల్ చేసినవన్నీ మనం చూశాం కాబట్టి మళ్ళీ వినక్కర్లేదు, విన్న మనిషి కళ్ళు చాలు అని. నాకు అది సగమే చాలుతుంది. చూసినది వేరు, అతను ఎలా చెప్పాడన్నది వేరు. ముద్దు చెప్పాడా? డబ్బు చెప్పాడా? జీగ్లర్ స్నానాలగది చెప్పాడా? మ్యాండీ శవం మీదకి వంగి, దాదాపు ముద్దుపెట్టుకోబోయినట్టు ఆగిపోయిన క్షణం చెప్పాడా? తెలియదు. కానీ ఇంకో వైపునుంచి చూడండి. ఆలిస్ చెప్పినప్పుడు మనం బిల్‌తోపాటు విన్నాం. ఏం చేశాం? ఆ మాటలకి బొమ్మలు కట్టుకున్నాం, తీర్పు చెప్పాం. బిల్ చెప్పినప్పుడు విన్నది ఆమె ఒక్కతే. తీర్పు చెప్పే హక్కు మనకి లేకుండా ఆమెకే వదిలేశారు. బొమ్మల కొట్లో, క్రిస్మస్ సామాన్ల మధ్య కూతురు ముందు నడుస్తుంటే, మనం ఏం చెయ్యాలి అని అడిగేది బిల్. జవాబు ఆలిస్‌ది. నిజమో కలో ఈ సాహసాలన్నిటినీ దాటి బతికినందుకు సంతోషించాలంటుంది. ఒక్క రాత్రి జరిగినది, ఆ మాటకొస్తే ఒక జీవితమంతా జరిగినది, మొత్తం నిజం కాదేమో అంటుంది. ఎప్పటికీనా అని అతను అడిగితే, ఆ మాట వద్దు, నాకు భయం అంటుంది. అతని ధీమాకి ఇంతకంటే సూటి జవాబు ఏముంది? అతనికి కావలసింది హామీ. ఆమె ప్రేమిస్తున్నానంది, హామీ ఇవ్వలేదు. చివరి మాట కూడా ఆమెదే. ఇక్కడ రాయదగిన మాట కాదు గానీ, మొదటి మాట పర్సు గురించి అయిన సినిమాకి అది సరిపోయిన ముగింపు.

ఆయన: ఆ చివరి మాటని మీరు ఆమె విజయంగా చదువుతున్నారు. నాకు అందులో అలసట వినిపిస్తుంది. రాత్రంతా ఏడ్చిన మనిషి, కూతురి ముందు గొడవ వద్దనుకుని, మొగుడి చేతికి తెలిసిన తాయిలం ఇచ్చి ఊరుకోబెట్టిందని ఎందుకనుకోకూడదు? నౌకాధికారి ఏమయ్యాడు? ఆ వణుకు ఏమైంది? అది తీరిందా, తీరక్కర్లేదా, మళ్ళీ వస్తే ఏం చేస్తుంది? ఆ ప్రశ్నతో మొదలై, బిల్ భయం తగ్గిందా లేదా అన్నదానితో ముగిసింది. ఆలిస్ ఒక ఆర్ట్ గ్యాలరీ నడిపింది, అది దివాలా తీసింది, ఉద్యోగం వెతుక్కుంటోంది. ఈ ముక్క ఆమె ఒక పరాయి మగవాడికి నాట్యం చేస్తూ చెప్పింది కాబట్టి మనకి తెలిసింది. మొగుడితో ఆ మాట మాట్లాడటం ఎక్కడా చూడలేదు. రాజేశ్వరి తప్పో ఒప్పో వెళ్ళింది, దాని ఫలితం తనే అనుభవించింది. ఆలిస్‌కి వెళ్ళే దారీ లేదు, ఉండటంలో ఏముందో చెప్పే చోటూ లేదు.

ఆవిడ: తాయిలమనే మీ చదువు తప్పని నేను నిరూపించలేను. ఆ దృశ్యం రెండింటినీ మోస్తుంది. వెళ్ళకపోవడం ఆలిస్ ఓటమి అనుకోవడం మాత్రం మీ చలం అభిమానం. కోరిక ఉందని చెప్పి, దాన్ని వెనక్కి తీసుకోకుండా, క్షమాపణ అడక్కుండా అదే ఇంట్లో ఉండటం కూడా ఒక పనే. చాలామంది ఆడవాళ్ళు చేసేది అదే, చెప్పే భాగం తప్ప. ఆమె చివరిదాకా ఆ మాట వెనక్కి తీసుకోలేదు, చూడండి. కలలో నవ్వినందుకు ఏడ్చింది, కేప్ కాడ్ గురించి ఏడవలేదు.

ఆయన: సరే, నా తీర్పు ఇది. నాలుగు గొప్ప సన్నివేశాలున్న, గొప్పది కాని సినిమా: పడగ్గది, కల చెప్పడం, చినిగిన నోటు, బొమ్మల కొట్టు. మిగతాది ఒక మహా దర్శకుడి ఓపిక. షూటింగ్ ఏడాదికి పైగా సాగి, సుదీర్ఘమైన ఏకధాటి చిత్రీకరణగా గిన్నిస్‌కెక్కింది. ఆ ఓపిక విందు హాలు మీద కాకుండా ఆలిస్ మీద పెట్టి ఉంటే మీతో వాదన ఉండేది కాదు. ఆ విందు దృశ్యాలకి అమెరికాలో ఆర్ రేటింగ్ కోసం కంప్యూటర్‌తో బొమ్మలు అడ్డం పెట్టాల్సి వచ్చింది కూడా. పడగ్గది సంభాషణకి అలాంటి అడ్డం ఏదీ అక్కర్లేకపోయింది.

ఆవిడ: మీ నాలుగింటిలో మూడు ఆలిస్‌వే. ఈసారి చూసేటప్పుడు ఒక్క పని చెయ్యండి. డొమినో గదిలో బిల్ జేబులో ఫోన్ మోగుతుంది కదా, అక్కడ అతని మొహం వదిలేసి ఇటువైపు చూడండి. ఆలిస్ వంటింట్లో బల్ల దగ్గర సిగరెట్‌తో ఒంటరిగా కూర్చుని ఉంటుంది. ఎదురుగా టీవీలో వస్తున్నది ‘బ్లూమ్ ఇన్ లవ్’, 1973 నాటి సినిమా. సెక్రటరీతో దొరికిపోయి, పెళ్ళాం వదిలేసిన ఒక లాయరు కథ అది.